గట్టు మీది పట్టీ

ఆ ఉదయం మబ్బు పట్టి ఆకాశం ఉరుముతోంది. ఈత, సైకిలు, పరుగు కలిసిన దూరపు పందెం ఇంటికొకరు పూర్తిచేస్తేనే ఆ ఇంటికి మందులిచ్చే కాలమది. అత్త గుండెమందుల కోసం పెంచలమ్మ మొదటిసారి వచ్చింది. జలాశయం ముందు నిలబడి, పెన్నేటిలో దిగే అలవాటున చెప్పులతోపాటు పందెంవాళ్లు కట్టిన, నాడి చూసే చేతిపట్టీ కూడా గట్టున విప్పి, నీటికి దణ్ణంపెట్టి దిగింది.

మునిగి తేలి, ఎలాగో ఒడ్డెక్కింది.

“పట్టీలో నాడి లేదమ్మా. నువ్వు పోయావని ఇంటికి కబురెళ్లింది,” అన్నాడు కాపలాదారు.

“పోయినదాన్ని నీతో మాట్లాడతానా అన్నా? బతికుండానని చెప్పు.”

“దానికి రేపు ఆఫీసు తెరవాల.”

ఆ కబురుకు అత్త గుండె ఏమవుతుందోనని తలపుకొచ్చింది. పందెపు దారి వదిలి ఇంటివైపు సైకిలు తొక్కింది. బురదలో చక్రం దిగబడితే పరుగెత్తింది.

అత్త గడపలో కూర్చుని ఉంది. లేచి, ఒకే కంచంలో సంగటి పెట్టింది. ఎడమచేత్తో కోడలి మణికట్టు పట్టుకుంది. నాడి మీద వేలు తియ్యకుండానే ఆమె, కోడలు కలిసి తిన్నారు.