నెట్ పోతే ఎలాగమ్మా

"ఎవరయ్యా నువ్వు? నిన్నెవరు పిలిచారిక్కడికి?"

తిరుపతిరావు గొంతు విని హాల్లో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగారు.

చివరి వరుసలో ఒక ముసలాయన లేచి నిలబడి ఉన్నాడు. నలిగిన చొక్కా, చంకలో గొడుగు.

"కాశీరావంటారండీ. కైకలూరు. చెరువుల మీటింగంటే వచ్చాను."

"నీకు చెరువుందా?"

"లేదండీ."

"మరింకేం? కూర్చో. లేదా బయటికి నడువు."

ఆటోనగర్‌లో చేపల రైతుల సంఘం ఆఫీసు మేడ మీద జరుగుతోంది ఆ మీటింగు. తిరుపతిరావు సంఘానికి ప్రెసిడెంటు. చెరువులో ఆక్సిజన్ పడిపోగానే గట్టు మీద సైరన్ మోగాలి, రైతు లేచి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేసుకోవాలి. ఆ ప్రోగ్రామ్ చేసే పని కీర్తనకి అప్పజెప్పారు. ఉయ్యూరు అమ్మాయి. సొంతంగా కంపెనీ పెట్టుకున్నాక వచ్చిన మొదటి పెద్ద పని.

ఆమె ముందు రెండు దారులున్నాయి. ఉచితంగా దొరికే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ తీసుకుని ప్రతి లైనూ తనే రాసుకోవాలి. లేదా ఒక కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్ సూట్ కొనుక్కోవాలి. అందులో ముక్కలన్నీ తయారుగా ఉంటాయి, కలుపుకుంటే చాలు. వానలు పడేలోపు సైరన్లు మోగాలని సంఘం పట్టుబట్టింది. కీర్తన సూట్ వైపే మొగ్గింది.

సరిగ్గా అప్పుడే ఈయన అడ్డుపడ్డాడు.

"ఆ ఉచితందే మేలమ్మా. సూట్‌తో చేసిన ప్రోగ్రామ్ నెట్‌లో కంపెనీని అడుగుతూ ఉంటుంది, లైసెన్సుందా లేదా అని. పూటంతా జవాబు రాకపోతే ఆగిపోద్ది. నెట్ పోతే ఎలాగమ్మా?"

సూట్ అమ్మడానికి వచ్చిన సేల్స్ కుర్రాడు నవ్వాడు. "ఈ రోజుల్లో నెట్ లేని ఊరేదండీ?"

"తుఫాను వస్తే ఏ ఊళ్లో ఉంటది బాబూ?"

కీర్తనకి ఒళ్లు మండింది. "మీకెలా తెలుసండీ ఇవన్నీ? అసలు మీరేం చేస్తుంటారు?"

ఆయన ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు.

"తెలుసమ్మా. అంతకంటే అడక్కు."

హాల్లో నవ్వులు.

"తెలిసిపోతానే ఉంది గదా," అన్నాడు తిరుపతిరావు. "ఎవడో పోటీవాడు పంపించి ఉంటాడు. ఊరికే దొరికే సరుకుని ఎవడన్నా ఇంత పొగుడుతాడా?"

"ఊరికే దొరికినా దాని లోపలేముందో అమ్మాయి తెరిచి చూసుకోగలదండీ. ఈ సూట్‌ని ఆమె కూడా తెరవలేదు."

ఆ చివరి మాట కీర్తనకి సూటిగా తగిలింది.

"నా పని నాకు తెలుసు. మీరు పాఠాలు చెప్పక్కర్లేదు. వెళ్లండి బయటికి!"

ఇద్దరు రైతులు ఆయన రెక్క పట్టుకుని మెట్ల దాకా లాక్కెళ్లారు.

మీటింగు ముగించుకుని కీర్తన కిందికి వచ్చేసరికి, ఆయన టీ బంకు దగ్గర ఎండలో నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఒక్కమాట. పోనీ ఒక రోజంతా నెట్ తీసేసి నడిపి చూడు."

"మిమ్మల్ని పంపినవాళ్లకి చెప్పండి, ఆర్డరు మీద సంతకాలైపోయాయని."

స్కూటీ స్టార్ట్ చేసి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అయినా ఆ మాట ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. పని పూర్తయ్యాక నెట్ తీగ పీకి, కాసేపు చూసింది. సైరన్ నిక్షేపంగా మోగింది. 'ముసలాయన చాదస్తం' అనుకుని తీగ మళ్లీ పెట్టేసింది.

వానలు మొదలయ్యాయి. సైరన్లు ఒక్కసారీ తప్పలేదు. తిరుపతిరావు పిలిచి శాలువా కప్పాడు. తెల్లవారుజామున గట్టు మీదికెళ్లి నీళ్లు చూసుకునే అలవాటు రైతులు మానేశారు.

తర్వాత తుఫాను వచ్చింది. టవర్లు పడిపోయాయి.

వాన వెలిసిన పొద్దున తిరుపతిరావు మనిషి వచ్చి కీర్తనని ముదినేపల్లి తీసుకెళ్లాడు. దారంతా నీచు వాసన. సంపూర్ణమ్మ చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తెల్లగా ఉంది. శీలావతి చేపలన్నీ కడుపులు పైకి పెట్టి తేలిపోయాయి.

సంపూర్ణమ్మ గట్టు మీద కూలబడి ఉంది. భర్త పోయాక ఆ చెరువు మీదే బతుకుతున్న మనిషి.

"జనరేటరుంది. డీజిలుంది. లేపేవాళ్లే లేరు," అంది. "మోగుద్దన్నావు గదమ్మా. నమ్మి పడుకున్నాను."

కీర్తన గట్టు మీది షెడ్డులోకి పరుగెత్తింది.

లోపల కంప్యూటర్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది. లైసెన్సు నిర్ధారణ కాలేదని, ప్రోగ్రామ్ ఆపేశామని తెర మీద ఒక్క ముక్క.

మర్నాడు సూట్ అమ్మిన కంపెనీ వాళ్లు తమ సీనియర్ ఇంజినీరు గంగాధర్‌ని పంపారు. అతను ఆ గట్టు మీదే కీర్తనకి దొరికిపోయాడు.

"ఈ లైసెన్సు తాళం రాసిందెవడు?" అరిచింది కీర్తన. "వాణ్ణి తీసుకురండి! తెచ్చి ఈవిడ ముందు నిలబెట్టండి!"

గంగాధర్ నీళ్లకేసి చూశాడు.

"రాసిన మనిషే దాన్ని తీసేద్దామని మావాళ్లతో పోట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నారండీ. బయట నోరు విప్పితే కోర్టుకి లాగుతామని ఆయన చేత సంతకం కూడా పెట్టించుకున్నారు."

"ఎక్కడుంటాడు?"

"ఈ మధ్యే గుండెపోటుతో పోయారండీ. కాశీరావు గారని, ఇక్కడే కైకలూరాయన."