గొంతుపట్టీ

మాల్దీవుల్లో టీచరుగా చేరిన రోజే నా మెడకు గొంతుపట్టీ తగిలించారు. నేను తెలుగులో మాట్లాడితే, నా అసలు మాట బయటికి వినిపించనీయకుండా అది వాళ్ళ దివేహీ భాషలో పలుకుతుంది. కోపాన్ని మాత్రం వడకట్టేస్తుంది. రెండేళ్ళయ్యేసరికి ఆ భాష మాట్లాడటం రాకపోయినా వింటే అర్థమవుతోంది. అదే నా ఖర్మ.

నిన్న పిల్లల్ని పక్క దీవికి తీసుకెళ్తున్నాం. పడవను గట్టుకు ఇంకా కట్టనే లేదు, షిఫా అందులో ఒక కాలు వేసేసింది. పడవ దూరం జరుగుతోంది.

"ఒసేయ్, వెనక్కి రావే! కాళ్ళిరగ్గొడతా!" అని అరిచాను.

"షిఫా తల్లీ, వీలైతే కాస్త వెనక్కి వస్తావా?" అంది పట్టీ తియ్యగా. ఆ పిల్ల నా వైపు చూసి నవ్వి, రెండో కాలు ఎత్తబోయింది.

పట్టీ పీకేసి మళ్ళీ అరిచాను. తెలుగు ముక్క రాని షిఫా హడలిపోయి గట్టు మీదికి దూకేసింది.

ఇవాళ ప్రిన్సిపాల్ నాషిద్ పిలిపించి, ముందు పట్టీ పెట్టుకోమని సైగ చేశాడు.

"పిల్లలు భయపడ్డారు మేడమ్."

"భయపడబట్టే ఆ పిల్ల బతికింది! మీ పట్టీని నమ్ముకుంటే శవాన్ని మోసుకొచ్చేవాళ్ళం!"

"తప్పయిపోయింది సార్. ఇకమీదట మెల్లగా మాట్లాడతాను," అంది పట్టీ, అచ్చం నా గొంతుతో. అతను తృప్తిగా తలూపాడు.

పట్టీ తీసి అతని బల్ల మీద విసిరికొట్టాను. నా మాట నేనే మళ్ళీ తెలుగులో చెప్పాను.

నాషిద్ కుర్చీ వెనక్కి జరిగింది.