పొద్దు వాలేలోగా కైరో

"కైరో ఎంత దూరం ఉంటుందమ్మా?" విమానం కువైట్‌లో నేల విడిచిందో లేదో, ఇన్సాఫ్ ఎయిర్‌హోస్టెస్‌ని అడిగేసింది.

"పదహారు వందల కిలోమీటర్లు మేడమ్. మూడు గంటల లోపే దిగిపోతాం."

"గంట ఆలస్యంగా లేపి, ఇప్పుడు లెక్కలు చెబుతున్నారు," పక్క సీట్లో హమ్దీ గొణిగాడు. కువైట్‌లో ఏసీలు బాగుచేసే మనిషి, ఊరు కైరోనే; పెద్దావిడ కనిపిస్తే చాలు, హజ్‌కి వెళ్ళొచ్చినదానిలా 'హజ్జా' అనేస్తాడు. "మీరు కంగారుపడకండి హజ్జా. పడమటికి పోతున్నాం కదా, పొద్దు కూడా మన వెంటే వస్తుంది. ఇంటికెళ్ళే ఉపవాసం విడుద్దురుగాని."

ఇన్సాఫ్ నవ్వి గడియారం చూసుకుంది. కంగారు ఉండదా మరి! కైరో షుబ్రా పేటలో చిన్ననాటి నేస్తం జైనబ్ వాళ్ళ ఇల్లు ఈ రంజాన్ పండగ కాగానే కూల్చేస్తున్నారు. ఏడేళ్ళప్పుడు ఆ ఇంటి డాబా మీదే జైనబ్ మొదటి ఉపవాసం ఉంది. మధ్యాహ్నానికే దొంగచాటుగా నీళ్ళు తాగబోతుంటే ఇన్సాఫ్ పట్టుకుంది. "నేనూ తాగనులేవే, సాయంత్రందాకా నీతోనే ఉంటా," అంది. అప్పట్నుంచీ ఏటా రంజాన్ ఆఖరి శుక్రవారం ఇద్దరూ అక్కడే, ఒకే బల్ల దగ్గర ఉపవాసం విడిచేవాళ్ళు. కువైట్‌లో టీచరుద్యోగం వచ్చాక ఆ ముచ్చట ఫోనులోనే తీరుతోంది. ఇవాళే ఆ శుక్రవారం; ఆ డాబా మీద ఇక ఇదే ఆఖరిసారి. తలుచుకుంటే దిగులేసింది.

"మా చిన్నప్పుడు, ఉపవాసం విడవొచ్చని ఫిరంగి పేలేదాకా పిల్లలందరం డాబా ఎక్కి చూసేవాళ్ళం," అంది హమ్దీతో. "తర్వాత లాంతర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడమే. జైనబ్ వాళ్ళమ్మ మిఠాయి ముందు నాకే పెట్టేది. ఆ అక్కసు దానికి ఇప్పటికీ పోలేదు."

విమానం కైరోలో నేల తాకేసరికి హమ్దీ ఫోనులో సాయంకాలపు అజాన్ మోగింది. అతను ఆవురావురుమంటూ ఖర్జూరం నోటిదాకా తెచ్చాడు.

ఇన్సాఫ్ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు నాయనా! అది కువైట్ అజాన్. కిటికీలోంచి చూడు, సూర్యుడు ఇంకా కళ్ళెదుటే ఉన్నాడు. మనం ఎక్కడుంటే అక్కడి పొద్దే లెక్క."

హమ్దీ గతుక్కుమన్నాడు. "అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి! ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాను, అయినా బోల్తా పడేవాణ్ణి. మీలాంటి వాళ్ళ పక్కన సీటు దొరకడం నా అదృష్టం. నా కోసం కూడా దువా చేయండి హజ్జా."

"తప్పకుండా చేస్తాను."

దిగగానే చేతిసంచితో టాక్సీ దగ్గరికి పరుగెత్తింది. దారంతా బళ్ళే. ఎలాగో షుబ్రా చేరి, నాలుగంతస్తులూ ఎక్కేసరికి పొద్దు గుంకబోతోంది.

"అంత దూరం ఎగిరొచ్చిన దానివి, నాలుగు మెట్లెక్కితే ఇంత ఆయాసమా? ముసలిదానివైపోయావే!" అంది జైనబ్, గట్టిగా వాటేసుకుంటూ.

"నువ్వు పడుచుదానివి మరి! అడ్డు లే. నా చోటు ఎవరికిచ్చావు?"

"చచ్చినా ఎవరికీ ఇవ్వను," అంటూ జైనబ్ ఆమెను బల్ల దగ్గరికి లాక్కెళ్ళింది.

డాబా మీద అదే పాత బల్ల. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇంతలో వీధి చివర మసీదులోంచి అజాన్ వినిపించింది. జైనబ్ అరచేతులు చాచి దువా చదువుకుంది.

ఇన్సాఫ్ కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకుంది.