ఎడమ కాలి పట్టు

మళ్ళీ ఎడమ కాలే.

చైతన్యకృష్ణ కూతకు వెళ్ళిన ప్రతిసారీ, తిరిగి వస్తూ మధ్యగీత కోసం చేయి చాచిన ప్రతిసారీ, వెనుక నుంచి రెండు చేతులు వచ్చి అతని ఎడమ మోకాలినే చుట్టుకుంటున్నాయి. ఆ వెంటనే మరో ముగ్గురు మీద పడుతున్నారు. ముఖం మ్యాట్‌కు ఆనుకుపోయిన అతనికి వెనుక జరిగేది కనిపించదు. కాలు బిగుసుకుపోవడం ఒక్కటే తెలుస్తుంది.

ఆ చేతులు ఇమ్మానియేలువి.

చైతన్యకృష్ణ లేచి మోకాలు తడుముకున్నాడు. నొప్పి లేదు. భయం మాత్రం ఉంది.

నిరుడు ఆ మోకాలికే ఆపరేషన్ జరిగింది. ఇంకొక్క దెబ్బ తగిలితే ఆట మరిచిపొమ్మని డాక్టరు ముందే చెప్పాడు. పర్చూరు దగ్గర పత్తి తీసేసిన చేలో గీతలు గీసుకుని నేర్చుకున్న ఆట అది. అతనికి చేతనైనదీ అదొక్కటే.

కబడ్డీ లీగ్ వేలంలో ఏ జట్టూ కొనని పది మందిని గుంటూరు శివార్లలోని ఒక కాలేజీలో ఒక జట్టు తన శిబిరానికి పిలిచింది. పదకొండోవాడిగా ఇమ్మానియేలు పిలవకుండానే వచ్చాడు. జట్టులో ఖాళీ ఉన్నది ఒక్క చోటు. పగలంతా జట్టువారితో కలిపి ఆడించి, సాయంత్రం కోచ్ బాపయ్య ఒక పేరు చదివేవాడు. ఆ పేరుగలవాడు సంచి సర్దుకుని బస్సెక్కేవాడు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే అందరూ దగ్గేవారు. పేరు చదివే వేళ మాత్రం ఎవరూ దగ్గలేదు.

పదోరోజు మధ్యాహ్నానికి మిగిలింది ఇద్దరే. చైతన్యకృష్ణ, ఇమ్మానియేలు.

"ఏరా, కాలు ఇంకా ఒంటి మీదే ఉందా?" అన్నాడు కోటేష్. నిరుడే జట్టులో చేరినవాడు, గదిలో తోడు.

"నవ్వకురా. ఆయన కావాలనే పడుతున్నాడంటావా?"

"ఉన్నది ఒక్క చోటు. నీ కాలు పోతే లాభం ఎవరికి?"

"పెద్దాయన. అట్టా చేస్తాడా?"

"ఎనిమిదేళ్ళుగా వేలంలో ఒక్కడూ కొనలేదంట ఆయన్ని. అయినా ప్రతి ఏడూ వస్తాడు. ఎవరికన్నా దెబ్బ తగిలితే రెండు మ్యాచ్‌లు ఆడిస్తారు, తర్వాత పొమ్మంటారు. మళ్ళీ కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోసుకోవడమే. ముప్పై ఆరేళ్ళొచ్చాయి. ఇదే ఆఖరి అవకాశం. నీ జాగ్రత్తలో నువ్వుండు."

భోజనాల దగ్గర చైతన్యకృష్ణ ధైర్యం కూడదీసుకుని ఇమ్మానియేలు ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నా, రెండో కాలు పట్టుకోకూడదా?"

ఇమ్మానియేలు తల ఎత్తలేదు.

"నీ పని గీత ముట్టుకోవడం తమ్ముడూ. నా పని నన్ను చేసుకోనీ."

చైతన్యకృష్ణకు అది బెదిరింపుగానే వినిపించింది. కంచం అక్కడే వదిలి తిన్నగా కోచ్ గదికి వెళ్ళాడు.

"సార్, నా కాలు విరగ్గొడతాడు సార్. రోజూ అదే కాలు. మీరే అడగండి."

బాపయ్య ఇమ్మానియేలును పిలిపించాడు.

"ఏమయ్యా, ఎడమ కాలే పడుతున్నావా?"

"అవునండి."

"ఆపరేషనైన కాలని తెలుసా?"

"తెలుసండి."

"తెలిసే పట్టావా?"

"తెలిసే పట్టానండి."

ఇమ్మానియేలు చైతన్యకృష్ణ వైపు ఒక్కసారి చూశాడు.

ఎందుకని బాపయ్య అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

"సర్దుకో."

ఆ సాయంత్రం పేరు చదవవలసిన అవసరం లేకపోయింది. సంచి భుజాన వేసుకుని ఇమ్మానియేలు గుమ్మం దగ్గర ఆగాడు.

"రేపు భయపడకుండా పరుగెత్తు తమ్ముడూ."

చైతన్యకృష్ణ బస్సు మలుపు తిరిగి కనుమరుగయ్యే దాకా కిటికీ దగ్గరే నిలబడి చూశాడు. అప్పటికి గాని ఊపిరి ఆడలేదు.

మర్నాడు ఉదయం ఆఖరి ఆట. అది కాగానే సంతకం అన్నాడు బాపయ్య.

పది రోజుల్లో మొదటిసారి చైతన్యకృష్ణ వెనుదిరిగి చూడకుండా కూతకు వెళ్ళాడు. ఒకణ్ణి తాకాడు, మెరుపులా మళ్ళాడు. మధ్యగీత జానెడు దూరంలో ఉంది. చేయి చాచాడు.

నలుగురూ ఒక్కసారిగా మీద పడ్డారు. వారందరి బరువుతో ఎడమ మోకాలు వెళ్ళి సిమెంటు మీద పరిచిన ఆ పలుచని మ్యాట్‌ను గుద్దుకుంది. లోపల ఏదో తెగింది.

అతని కూత కేకగా మారింది.

ఫిజియో షాహిస్తా పరుగున వచ్చింది. నిన్న ఆమె సెలవులో ఉంది. మోకాలిని రెండు వైపులా నొక్కి చూసి, బాపయ్య వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. బాపయ్య చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇదేంటి మేడమ్?" అని చైతన్యకృష్ణ ఏడ్చాడు. "ఆయన పది రోజులు పట్టినా ఏమీ కాలేదు. ఇవాళ ఆయన లేడు కదా!"

"లేడు కాబట్టే."

"అంటే?"

"నీకు చెబితే కాలు దాచుకుని ఆడతావని, చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. నిన్న నేనిక్కడ ఉండుంటే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేదాన్ని."

ఆమె కట్టు చుట్టడం మొదలుపెట్టింది.

"నువ్వు పడ్డ ప్రతిసారీ నీ మోకాలికీ నేలకీ మధ్య ఆయన మోచెయ్యి ఉంది చైతన్యా, రోజూ సాయంత్రం నేను కట్టు కట్టింది ఆ చేతికే."