బాగలేని దినాలు

"ఆయప్పకు గడ్డం గీయించి తెచ్చినారా, అక్కా?"

పక్కన కూర్చున్న మనిషి అడిగిన ఆ ప్రశ్నకు లీలావతికి ఒళ్ళు మండింది.

పెద్దాసుపత్రిలో ఆ రోజు సదరం శిబిరం. వికలాంగుల సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్ళతో వరండా నిండిపోయింది. లీలావతి తమ్ముడు మునీంద్రను వెంటబెట్టుకుని నగరి నుంచి మొదటి బస్సుకే వచ్చింది. మానసిక వైద్యుల గది ముందు బెంచీ మీద కూర్చుని ఇప్పటికి రెండు గంటలయింది.

"గీయించినా. ఏం?" అంది.

"చొక్కా కూడా కొత్తదే."

"డాక్టరు దగ్గరికి గలీజుగా వస్తారా ఎవురైనా?"

ఆ మనిషికి నలభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు. పొద్దుటి నుంచీ బెంచీ మీద అందరికీ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. ఒక ముసలామెకు జిరాక్సు తీయించి తెచ్చాడు. ఇంకొకరికి ఏ గదికి ముందు పోవాలో చూపించాడు.

ఇట్లాంటి చోట్ల బ్రోకర్లు ఉంటారని పక్కింటి చంద్రకాంతమ్మ ముందే చెప్పి పంపింది.

లీలావతి తమ్ముడి వైపు జరిగింది.

"మునీంద్రా, ఇంకోతూరి చెప్పు. రాత్రిపూట నిద్ర పడతాదా?"

"పడతాది, సార్."

"అన్నం?"

"నేనే పెట్టుకోని తింటాను, సార్."

వారం రోజులు నేర్పిస్తే ఇప్పటికి తప్పు లేకుండా వచ్చింది. జబ్బు సంగతి మందుల చీటీల్లో ఎటూ ఉంది. నలుగురిలో తమ్ముణ్ణి పిచ్చివాడిలా నిలబెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

సర్టిఫికెట్టు వస్తే పింఛను వస్తుంది. పింఛను వస్తే మరమగ్గాల షెడ్డులో రెండో షిఫ్టు మానుకోవచ్చు. అది మానుకుంటే, తమ్ముణ్ణి లోపల పెట్టి బయట తాళం వేసే పని ఉండదు. ఆమెకు కావలసింది అంతే.

"అక్కా, అట్ల చెప్పిస్తే బాగుండాడని రాసేస్తారు" అన్నాడు ఆ మనిషి. "బాగున్న దినాలు ఈడ చెప్పకూడదు. బాగలేని దినాలు చెప్పల్ల. నీళ్ళు పోసుకోని ఎన్నాళ్ళాయె, అన్నం ఎందుకు తోసేస్తాడు, అన్నీ. సిగ్గుపడొద్దు."

"అబద్ధాలు నేర్పించేదానికి ఎంత తీసుకుంటావప్పా?"

"అబద్ధం కాదక్కా. నిజమే చెప్పమంటున్నా."

"మా వాడేం పిచ్చోడు కాదు."

"నేనూ అనలేదే" అన్నాడతను మెల్లగా.

లీలావతి లేచి సెక్యూరిటీ అతని దగ్గరికి పోయింది.

"ఏమప్పా, బ్రోకర్లను కూడా లోపలికి వదుల్తారా మీరు?"

సెక్యూరిటీ అతను లాఠీ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఓయ్, లెయ్! మొన్ననే ఇద్దర్ని తరిమినా. నువ్వు మూడోవాడివా?"

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఫైలు రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు.

దొరికిపోతే మాటలు ఎట్లా వస్తాయి, అనుకుంది లీలావతి.

కాసేపటికి మునీంద్ర పేరు పిలిచారు.

డాక్టరమ్మ అడిగినవాటన్నిటికీ మునీంద్ర టకటకా జవాబులు చెప్పాడు. ఆమె నవ్వింది.

"మందులు బాగా పనిచేస్తున్నాయమ్మా. మీ తమ్ముడు చక్కగా ఉన్నాడు."

"సర్టిఫికెట్టు, మేడం?"

"ఇంత బాగున్న మనిషికి ఎలా ఇస్తాం?"

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది.

"ఆగండి, మేడం" అంది లీలావతి. "నిన్ననే నీళ్ళు పోసినా. అది కూడా ఇరవై దినాలకు. ముగ్గురం పట్టుకోవల్సి వచ్చింది. అన్నంలో ఏదో కలిపినానని కంచం తోసేస్తాడు. నేను పనికి పోతే తాళమేసి పోతా, మేడం. ఒకనాడు కిటికీ కమ్ములు పట్టుకోని పొద్దు గూకేదాకా అరిచినాడంట. వీధిలో వాళ్ళు చెప్తే గానీ నాకు తెలీలా."

మునీంద్ర తల వంచుకున్నాడు.

"ఇందాక నేను చెప్పినవన్నీ అక్క నేర్పించింది, సార్" అన్నాడు డాక్టరమ్మతో.

ఆమె పెన్ను కింద పెట్టింది. కుర్చీ ముందుకు జరుపుకుని, మొదటి నుంచీ మళ్ళీ అడిగింది. అరగంట పట్టింది.

"వస్తుందమ్మా, పొండి" అంది చివర. "ఇవన్నీ ముందే చెప్పాలి కదా."

బయటికి రాగానే లీలావతి బెంచీ వైపు చూసింది. అతను లేడు.

"ఇందాక ఆ మనిషి యాడికి పోయినాడప్పా?" అని సెక్యూరిటీ అతన్ని అడిగింది.

"గేటు దాటించినా. మళ్ళీ రాలా."

"ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలా. చెయ్యి పట్టుకుంటే చిన్నబిడ్డ మాదిరి వచ్చేసినాడు."

గదిలో నుంచి నర్సు వచ్చింది.

"ఆదిమూలం! ఆదిమూలం!"

ఎవరూ లేవలేదు. ఆమె బెంచీ పొడవునా చూసింది.

"పొద్దున్నే వచ్చి ఈ బెంచీ మీదే కూర్చోనుండె కదా, ఫైలు ఒళ్ళో పెట్టుకోని? ఈ దినం తప్పితే మళ్ళీ తేదీ మూడు నెల్లకు. పాత సర్టిఫికెట్టు గడువు అయిపోయె, అంతదాకా ఆయన పింఛను నిలిచిపోతాది."

సెక్యూరిటీ అతను లీలావతి వంక చూశాడు.

"ఆయన బ్రోకరంట కదా, సిస్టర్?"

"బ్రోకరేందప్పా! పదకొండేండ్లుగా మా పేషెంటు" అంది నర్సు. "ఎప్పుడొచ్చినా వాళ్ళమ్మే పక్కన కూర్చోని ఆయన తరఫున మాట్లాడేది, ఆమె పోయినాక ఒక్కడే రావడం ఇదే మొదటిసారి."