చేపల గదిలో లైటు

ఏప్రిల్ తొమ్మిది. రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాం. చెయ్యి కడుక్కోగానే మా బిడ్డ నవనీత చేపల గదిలోకి పోయి నిలబడింది. కాలేజీ ల్యాబుకు మరమ్మతులని, తన చారల చేపల తొట్లను నాలుగు రోజుల కిందట మా హుజూరాబాద్ ఇంటికి తెచ్చుకుంది.

"మూడు పొద్దులాయె బాపు, ఒక్క గుడ్డు పెట్టలే."

"గుడ్లతోని గంత పనేంది బిడ్డా?"

"గుడ్డుల పిల్ల తయారైతుంటే చక్కెరలను గొలుసు లెక్క అల్లే ఎంజైములుంటయి. వాటి జన్యువు ఏ గంటకు పని షురూ చేస్తదో చూడాలె. షురూ అయిన కాడ ఊదారంగు పడేటట్టు చేస్తం. శుక్రవారం యూనివర్సిటీల మైక్రోస్కోపు వంతు నాది. ఆ వంతు పోతే మళ్ల రెండు నెలలకే."

నేను తొట్టి వైపు చూస్తూ చెప్పాను. "నువ్వు పండుకున్నంక రోజూ లైటేసి పోతున్న. చీకట్ల పరేషానైతయని."

ఆమె తల పట్టుకుంది. "రాత్రంత చీకటుండి తెల్లారితేనే గుడ్లు పెడ్తయి బాపు. ఎప్పుడూ లైటుంటే వాటికి పొద్దువొడిసిందని ఎట్ల తెలుస్తది?"

అంతలోనే నవ్వింది. "చీకటంటే భయం చేపలకా, నీకా?"

వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి నా గదిలో తెల్లవార్లూ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎందుకని నవనీత ఒక్కనాడూ అడగలేదు.

"నాకే," అన్నాను. అనేశాక నాకూ నవ్వొచ్చింది.

"నీ లైటు నీకుండనీ. వీటిది తీసెయ్యి."

లైటు తీసేసి, చప్పుడు కాకుండా చేపల గది తలుపు వేశాను.