పదికి సున్నా

"సున్నా" అని త్రినాథరావు మాస్టారు అరిచిన అరుపుకి హెడ్మాస్టరు గది కిటికీ రెక్క ఊగింది. మరుక్షణం ఒడియా ప్యూను లక్ష్మణ సున్నం డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"ఏట్రా ఇది?"

"చూనా అడిగేరు గదా సార్. మీ వాళ్ళు చెప్పుని సెప్పు అంటారు. అలాగే చూనాని సున్నా అన్నారనుకున్నాను."

"నేనన్నది కిళ్ళీలోకి కాదు, ఈ అమ్మి పేపర్లోకి. పో అవతలికి."

మాస్టారు ఒడిశాలోని రాయగడ తెలుగు బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతారు. దేనికైనా సంభావ్యత సున్నాకీ ఒకటికీ మధ్యనే ఉంటుందని ఆయన పాఠం. ఆయన ముక్కు మీద కోపం ఉండడానికి మాత్రం అది ఎప్పుడూ ఒకటే. ఆ పూట కోపమంతా పైడితల్లి మీద. ఆ పిల్ల గోడవారగా పెదవి బిగించి నుంచుంది. పక్కనే తండ్రి కూర్మారావు. రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చొక్కా మీద బొగ్గు మసి దులుపుకోకుండానే పరిగెత్తుకొచ్చాడు.

"కిందటి పరీక్షలో దీని పేపరూ పక్కవాడి పేపరూ అచ్చు గుద్దినట్టున్నాయి. వాడిది చూసి పదికి పది తెచ్చుకుంది, బెత్తం దెబ్బలు తింది. ఈసారి చూడ్డం కుదిరినట్టు లేదు, పదికి సున్నా. ఇంకేటి రుజువు కావాలి? టీసీ ఇచ్చి పంపెయ్యండి" అన్నారు మాస్టారు.

కూర్మారావు మొహం కందగడ్డయింది. "మా రైల్లో టీసీ టిక్కెట్టు లేనోణ్ణి దింపుతాడండి. మీ టీసీ టిక్కెట్టున్నోళ్ళని దింపుతాదేటండి? ఈ ఊర్లో తెలుగు బడి ఇదొక్కటే. ఇక్కడ గెంటేస్తే దీని సదువు అయిపోయినట్టే. పక్కన కూకున్నోడు ఎవుడమ్మీ అంటే నోరిప్పదు."

హెడ్మాస్టరు ఆశీర్వాదం గారు అప్పటిదాకా కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నారు. "త్రినాథరావు గారూ, మీరు పెట్టింది తప్పొప్పుల పరీక్షే కదా. ఏమీ రాని పిల్ల కళ్ళు మూసుకుని తప్పో ఒప్పో పెట్టుకుంటూ పోతే పదికి ఎన్ని వస్తాయి?"

"అయిదు, కాస్త అటూ ఇటూ. నాణెం ఎగరేసినట్టే గదా."

"పదీ తప్పయ్యే అవకాశం?"

లెక్క కనబడితే మాస్టారు కోపాన్ని కూడా కాసేపు బెంచీ ఎక్కిస్తారు. "ఒక్కోదానికీ సగం. సగంలో సగం, అందులో సగం, అలా పదిసార్లు. వెయ్యిన్నీ ఇరవై నాలుగు మందిలో ఒక్కడికి..." అంటూ ఆగిపోయారు.

"అంటే ఏమీ రానివాడికి సున్నా రావడం, పదికి పది రావడమంత కష్టం" అన్నారు ఆశీర్వాదం గారు.

మాస్టారు గిరుక్కున పైడితల్లి వైపు తిరిగారు. "వరసగా మూడుసార్లు బొమ్మ పడింది. నాలుగోసారి బొరుసే పడి తీరుతుందా?"

"తీరదు సార్. ముందేటి పడిందో నాణేనికి గుర్తుండదు."

"సగటు, ఇచ్చిన అంకెల్లో ఒకటై తీరాలా?"

"అక్కర్లేదు సార్. రెండుకీ మూడుకీ సగటు రెండున్నర."

పేపర్లోని పదీ అడిగారు. పదీ తడుముకోకుండా చెప్పింది. సంతోషించాల్సిన మాస్టారికి కోపం రెట్టింపయింది.

"అయితే తెలిసే తప్పులు రాసేవన్నమాట. నా పరీక్షంటే ఎటకారమా?"

"ఎటకారం కాదు సార్." పైడితల్లి గోడ వదిలి ముందుకొచ్చింది. "కిందటిసారి నాను సూడలేదంటే మీరు ఇనలేదు. ఎవులు ఎవుల్ది సూసేరో అడగనైనా అడగలేదు. అందుకే ఈపాలి అన్నీ తప్పే రాసేను. పేపరు దాసుకోలేదు. నాది సూసి రాసినోడికి కూడా సున్నాయే వస్తాది గదా సార్."

మాస్టారు పళ్ళు కొరికారు. "నేను దిద్దిన కట్టలో ఇంకో సున్నా లేదు."

"ఉంటే?" అన్నారు ఆశీర్వాదం గారు.

"పక్కపక్కన రెండు సున్నాలా? ఏమీ రాని ఇద్దరికి విడివిడిగా అలా రావడం పది లక్షల్లో ఒక్కమాటు. అప్పుడు పదీ సరిగ్గా చెప్పిన ఈ అమ్మి దొర, చెప్పలేనివాడు దొంగ. వాడెవడైనా సరే, టీసీ నా చేత్తో రాస్తాను. ఈ అమ్మికి బడందరి ముందూ తప్పు ఒప్పుకుంటాను."

తరగతి పిల్లలంతా అప్పటికే కిటికీకి వేలాడుతున్నారు. ఆశీర్వాదం గారు సొరుగు లాగి ఒక పేపరు బల్ల మీద పరిచారు.

"మీ తరగతిలో మీరు దిద్దకూడని పేపరు ఒకటుంది. ఈసారి అది నేను దిద్దాను."

పది వాక్యాలు. పది ఎర్ర ఇంటూలు. మాస్టారు పేరు చూశారు. మళ్ళీ చూశారు.

"ఎవుల్దండి ఆ పేపరు?" అని గట్టిగా అడిగాడు కూర్మారావు.

"మా అబ్బాయిది" అన్నారు మాస్టారు.